అల్లుడిచ్చిన వేట బైనాక్యులర్: అంకెలు మసక, దూరం తేడా. తప్పు నా కంటిదా, దానిదా?

గొలుసు మాస్టారు, గుంటూరు:

అందరికీ నమస్కారం. సర్వే శాఖలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. ఉండేది బ్రాడీపేట. గొలుసు లాగి పొలాలు కొలిచిన చేతికి ఇప్పుడు దూరం చెప్పే లేజర్ బైనాక్యులర్ ఒకటి వచ్చి పడింది. పదిహేను రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాను.

మా అల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని ఏటా నవంబరులో తెల్లతోక జింకల వేటకు వెళ్తాడు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు తన పాతది నా చేతిలో పెట్టి, "ఉప్పలపాడు పక్షులు చూసుకోండి మామయ్యగారూ" అన్నాడు. 10×42 సైజు, అంటే పది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. అంతటితో ఆగితే బాగుండేది. అక్టోబరులో మేం అక్కడికి వెళ్తున్నాం. తను కొత్తది కొంటాడట, షాపుకి నేనూ రావాలట. "కొలతల మనిషి మీరు, నాలుగు చూసి ఏది మంచిదో చెప్పండి" అంటున్నాడు. మర్యాద బాగానే ఉంది. చేతిలో ఉన్న పాతదే లొంగలేదు, కొత్తవాటికి తీర్పు ఏం చెప్పను?

నా బాధలు ఇవి.

లోపల ఎర్ర అంకెలు కనిపిస్తాయి. పక్షి స్పష్టంగా ఉంటే అంకెలు తడి పలక మీద రాసినట్టు అలుక్కుపోతాయి. కంటి దగ్గరి రింగు తిప్పి అంకెలు సరిచేస్తే పక్షి పోతుంది. నిరుడు నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా మైనస్ రెండు ఉంది. లోపం నా కళ్లలోనే ఉందేమో తెలియదు.

ఇక దూరం. మా మేడ పిట్టగోడ నుంచి వెనక వీధి అపార్టుమెంటు వాటర్ ట్యాంకు వరకు, కింద రోడ్డు మీద స్టీలు టేపు వేసి, మా మనవడి చేత అవతలి కొస పట్టించి కొలిచాను. 71 మీటర్ల 30 సెంటీమీటర్లు. ఇదేమో 78 అంటుంది. పొద్దున నొక్కినా 78, సాయంత్రం నొక్కినా 78. రోజుకో అంకె చెప్తే చెడిపోయిందని పక్కన పడేద్దును. తప్పు చెప్తూ కూడా మాట మీద నిలబడుతోంది, అదే నాకు మింగుడు పడటం లేదు.

మంగళగిరి వెళ్లినప్పుడు గాలిగోపురం మీద పెట్టి చూశాను. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. కింద మొదలు మీద పెడితే ఎంత వచ్చిందో, శిఖరం మీద పెట్టినా అంతే వచ్చింది. పైథాగరస్ ఊరుకుంటాడా?

ఉప్పలపాడులో అయితే చెరువు నడిమి తుమ్మచెట్టు మీది గూడబాతు మీద పెడితే 24 అంది. ఆ చెట్టు ఎంత లేదన్నా అరవై మీటర్లు ఉంటుంది.

తెలిసినవాళ్లు చెప్పండి. ఒక మనవి: ఇక్కడ వేట సంగతి ఎవరూ ఎత్తవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నాకు తెలుసు. నేను చూసేది పక్షుల్ని, అదీ కట్ట మీద నిలబడి.

కృష్ణలంక ఆల్‌రౌండర్, విజయవాడ:

మాస్టారూ, 78ని 0.9144తో గుణించి చూడండి. 71.3 వస్తుంది. మీ బైనాక్యులర్ గజాల్లో మాట్లాడుతోంది, మీరు మీటర్లలో వింటున్నారు, అంతే. అమెరికా సరుకు కదా, అక్కడ అన్నీ గజాలే. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మెనూ వస్తుంది, అందులో Y తీసి M పెట్టుకోండి. నమ్మకం లేకపోతే ఏదైనా గ్రౌండ్‌లో క్రికెట్ పిచ్ మీద చూడండి. ఈ చివరి వికెట్ల దగ్గర నిలబడి అవతలి వికెట్లు చూస్తే గజాల్లో 22, మీటర్లలో 20 రావాలి.

మిగతా మూడూ నాకు తెలియవు. బైనాక్యులర్లు బాగుచేసే గవర్నర్‌పేటాయన వచ్చి చెప్తారు.

గొలుసు మాస్టారు:

ఇంత చిన్న విషయానికా నేను నాలుగు రోజులు నిద్ర మానింది! మార్చాను బాబూ, ఇప్పుడు 71 అంటోంది. ప్లాట్లు గజాల్లో అమ్మే ఊళ్లో ఉంటూ కూడా తట్టలేదు చూడు.

నువ్వు చెప్పిన 22 గజాలు నాకు చుట్టం. సరిగ్గా ఒక గొలుసు. 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం, ఒక చదరపు గొలుసు పది సెంట్లు. దాన్ని గంటర్ గొలుసు అంటారు, తయారుచేసిన ఇంగ్లీషాయన పేరు అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గుంటూరు గొలుసు అనుకుని మన ఊరికి తెగ గర్వపడ్డాను. మీరు క్రికెట్ ఆడేదంతా నా గొలుసు మీదే.

గవర్నర్‌పేట రిపేరు, విజయవాడ:

మాస్టారూ, ఆలస్యంగా చూశాను. లెవెల్ మిషన్లు, థియోడలైట్లు (సర్వేలో కోణాలు కొలిచే దుర్భిణి యంత్రాలు), బైనాక్యులర్లు బాగుచేసే పని నాది. మీకు ఒక్క ప్రశ్న. థియోడలైట్‌కి కన్ను పెట్టగానే మొదట ఏం చేసేవారు? అవతల నిలబెట్టిన కొలత కర్ర, అదే స్టాఫ్, వైపు తిప్పి ఫోకస్ చేసేవారా? కాదు. ఆకాశం వైపో, ఎదురుగా తెల్ల కాగితం పెట్టుకునో ఐపీస్ (కంటి దగ్గరి అద్దం) తిప్పి ముందు క్రాస్ హెయిర్, అంటే లోపలి గురి దారాలు, నల్లగా, పదునుగా తెచ్చుకునేవారు. స్టాఫ్ ఆ తర్వాత. అవునా? ఇదీ అదే. మీరు వరస తిరగేశారు.

మీ దానిలో అంకెలు ఏ గొట్టంలో ఉన్నాయో ముందు చూసుకోండి. ఒక కన్ను మూసి నొక్కితే తెలుస్తుంది. చాలావాటిలో కుడి పక్కే, మీదీ అదే అనుకుంటా. ఎడమ గొట్టానికి ముందు మూత పెట్టండి. ఎండ లేని వైపు ఖాళీ ఆకాశం చూస్తూ బటన్ నొక్కి, అంకెల చోట గీతలు వెలుగుతుండగా కుడి కంటి రింగు మాత్రమే తిప్పండి. ఆ గీతల అంచులు బ్లేడుతో కోసినట్టు రావాలి. అక్కడితో ఆ రింగు జోలికి మళ్లీ వెళ్లకండి. కావాలంటే చిన్న టేపు ముక్క అంటించండి. ఇప్పుడు దూరంగా ఒక బోర్డు చూస్తూ, మధ్య చక్రంతో కుడి కంటికి అక్షరాలు స్పష్టంగా తెచ్చుకోండి. తర్వాత మూత కుడి పక్కకి మార్చి, మధ్య చక్రం కదపకుండా ఎడమ రింగు తిప్పి అదే బోర్డు ఎడమ కంటికి తెచ్చుకోండి. అయిపోయింది. ఇక ఎన్ని పక్షులు చూసినా మధ్య చక్రం ఒక్కటే మీ పని. మీ రెండు కళ్ల తేడాని ఆ రెండు రింగులు మింగేస్తాయి, మైనస్ రెండు ఒక లెక్క కాదు. కళ్లజోడు పెట్టుకుని చూసేట్లయితే జోడుతోనే ఇదంతా చేయాలి, ఐకప్‌లు (కంటికి ఆనే రబ్బరు అంచులు) లోపలికి దించాలి. ఒకటి మాత్రం రింగుల వల్ల కాదు. మీ కళ్లజోడు చీటీలో సిలిండర్ పవర్ ఎక్కువ ఉంటే అంకెలకి మీసాలు మొలిచినట్టు కనిపిస్తుంది. దానికి జోడు పెట్టుకోవాల్సిందే.

గోపురం సంగతి. అది మీ పైథాగరస్‌ని మీకన్నా ముందే వాడేసింది. లోపల వంపు కొలిచే చిప్ ఉంటుంది. ఏటవాలు దూరాన్ని ఆ కోణం కొసైన్‌తో గుణించి నేల మీది దూరం చూపిస్తోంది. 30 డిగ్రీలు పైకెత్తితే 100 మీటర్లు 87 అవుతుంది. గోపురం మొదలుకీ శిఖరానికీ నేల మీద దూరం దాదాపు ఒకటే కదా, అందుకే ఒకే అంకె. మెనూలో కోణం మోడ్ తీసేస్తే అసలు దూరం వస్తుంది. వేటగాళ్లకి మాత్రం అదే కావాలి. తుపాకీ గుండుని భూమి లాగేది అడ్డంగా సాగిన దూరాన్ని బట్టి గానీ ఏటవాలుని బట్టి కాదు.

ఇక షాపులో ఎలా తూచాలో చెప్తా. మీకు అసలు కావాల్సింది అదేగా.

గురి గుర్తు ఒకచోట, లేజర్ ఇంకోచోట పడే సరుకు చాలా చూశాను. కింద పడితే ఇదే మొదట చెడేది. షాపు బయటికొచ్చి, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ఒంటి స్తంభం వెతకండి. వీధి దీపం స్తంభం చాలు, ఓ యాభై అరవై మీటర్లలో ఉండాలి. స్కాన్ మోడ్ (ఆగకుండా కొలుస్తూ పోయేది) పెట్టి గుర్తుని ఎడమ నుంచి కుడికి నిదానంగా జరపండి. ఆకాశం మీద ఉన్నంతసేపూ గీతలే వస్తాయి. స్తంభం అంచు తగలగానే అంకె రావాలి, దాటగానే పోవాలి. గుర్తు స్తంభం మీద ఉండగా గీతలు, పక్కకి జరిగాక అంకె వస్తే లేజర్ పక్కకి పోయినట్టే. అలాగే మేడ పిట్టగోడ అంచు మీద కింద నుంచి పైకి జరిపి నిలువునా చూడండి. రెండు నిమిషాల పని, షాపులో ఎవరూ చేయరు.

తర్వాత రెండు గొట్టాల జోడు. దూరంగా అడ్డంగా సాగిన కరెంటు తీగ చూస్తూ, బైనాక్యులర్‌ని కళ్ల నుంచి మెల్లగా జానెడు దూరం వెనక్కి జరపండి. రెండు గుండ్రాలు విడివిడిగా కనిపిస్తాయి. తీగ రెండిట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైన, ఒకదాంట్లో కింద ఉంటే వద్దు. కళ్లు ఆ తేడాని బలవంతాన కలుపుకుంటాయి, అందుకే అప్పటికి బాగానే ఉందనిపిస్తుంది. అరగంటకి తలనొప్పి మొదలవుతుంది.

అంకెలున్న గొట్టం రెండోదానికన్నా పిసరంత నల్లగానో, నీలంగానో కనిపిస్తే కంగారు పడకండి. అంకెల్ని కంట్లోకి మళ్లించే అద్దం కొంత వెలుగు తినేస్తుంది. ఏది తక్కువ తింటే అది మంచి సరుకు. రెండు కళ్లూ మార్చి మార్చి చూసి పోల్చండి.

అట్ట పెట్టె మీద 2000 గజాలు అని రాసి ఉంటుంది. అది మెరిసే బోర్డు మీద లెక్క. జింక మీద అందులో సగం వస్తే దండం పెట్టండి. కాంతితో దూరం కొలిచే సర్వే యంత్రం, టోటల్ స్టేషన్‌కి అవతల, కాంతిని వెనక్కి తిప్పే ప్రిజం పట్టుకుని మీ చైన్‌మన్ నిలబడేవాడు. జింక ప్రిజం పట్టుకుని నిలబడదుగా.

కొంగల అక్క, గుంటూరు:

బాబాయ్ గారూ, ఆ 24 గూడబాతుది కాదు. కట్ట దగ్గర మీ ముందు వేలాడే తుమ్మ కొమ్మది. నాకూ ఇలాగే జరిగింది, అప్పుగా తెచ్చుకున్నదానితో. మనం మధ్యలో కొమ్మని చూడం, కన్ను దాన్ని వదిలేసి పక్షి మీదికి పోతుంది. లేజర్‌కి ఆ తెలివి లేదు, మొదట ఏది తగిలితే దాని దూరం చెప్తుంది. మెనూలో దగ్గరిది, దూరంది అని రెండు మోడ్‌లు ఉంటాయి. కొమ్మల వెనక చూసేటప్పుడు దూరంది పెట్టుకోండి. ఒక్కసారి నొక్కి నమ్మకండి, మూడు సార్లు నొక్కి రెండు సార్లు వచ్చిన అంకె తీసుకోండి.

డిసెంబరు, జనవరిలో పొద్దున్నే చెరువు మీద మంచు ఉంటుంది. అప్పుడు 20, 30 అని పిచ్చి అంకెలు వస్తాయి. అది మంచు కొలత. ఎనిమిదిన్నర దాటాక చూడండి. నీళ్ల మీద పెట్టినా చాలాసార్లు గీతలే వస్తాయి, కాంతి జారి అటే పోతుంది. కారు అద్దం లోంచి అసలు కొలవద్దు.

ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. పక్షులకి మాత్రమే అయితే ఈ యంత్రం దండగ. నా మామూలు 8×42 ఆరువందల యాభై గ్రాములు. ఇవి దాదాపు కిలో. మధ్యాహ్నానికి మెడ పీకేస్తుంది. పది రెట్లంటే చేతి వణుకు కూడా పది రెట్లే. గోడకి మోచేతులు ఆనించి చూడండి, లేదా టోపీ పెట్టుకుని టోపీ అంచుని, బైనాక్యులర్‌ని కలిపి పట్టుకోండి. వణుకు సగం తగ్గుతుంది. గూడబాతు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో తెలిసి దానికేం చేస్తాం చెప్పండి!

తెనాలి టు టెక్సాస్:

మాస్టారు గారికి నమస్కారం. మాది తెనాలి. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, నేనూ జింకల సీజన్‌కి వెళ్తాను. పైవాళ్లు చెప్పినవన్నీ సరైనవే. షాపు గురించి ఒకటి కలుపుతా.

షాపులో ట్యూబులైట్ల కింద అన్నీ బాగుంటాయి. అక్కడ నిర్ణయం తీసుకోకండి. ఇక్కడ జింకని కాల్చడానికి చట్టం ఇచ్చే వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. జింక ఎక్కువగా బయటికొచ్చేదీ ఆ చీకటి వెలుగుల వేళల్లోనే. కాబట్టి పొద్దు వాలాక వెళ్లి, షాపు వాళ్లని అడిగి బయట పార్కింగ్‌లో నిలబడి చూడండి. అవతల చెట్ల కింద చీకటిలో కొమ్మలు విడివిడిగా తెలుస్తున్నాయా, ముద్దగా ఉన్నాయా? 10×42 కంట్లోకి ఇచ్చే వెలుగు చుక్క 4.2 మిల్లీమీటర్లు, 8×42ది 5.25. చీకట్లో ఆ తేడా తెలుస్తుంది. అంకెల వెలుగు కూడా అప్పుడే చూడాలి. నల్ల అంకెలవి చీకట్లో కనిపించవు. ఎర్రవి కనిపిస్తాయి గానీ బ్రైట్‌నెస్ బాగా తగ్గించుకునే వీలు ఉండాలి, లేకపోతే ఎరుపు కంట్లో కొట్టి వెనక జింక మాయమవుతుంది. నాకు మొదటి సీజన్లో అదే జరిగింది. కొమ్ముల జింక, మంచి సైజు. నొక్కాను, ఎర్ర అంకె మంటలా వెలిగింది. 140 అని చదివాను గానీ ఏది 140లో ఉందో మళ్లీ కనిపించలేదు.

దూరం ఎందుకు ఇంత పట్టింపు అంటే, 308 సైజు గుండు పేల్చే తుపాకీ లాంటిదాన్ని వంద గజాలకి సరిచేసి పెట్టుకుంటే మూడు వందల గజాల దగ్గర గుండు అడుగు పైనే కిందకి దిగుతుంది. గుండెకి గురిపెడితే కాలికి తగులుతుంది, జింక కుంటుకుంటూ పోయి ఎక్కడో చస్తుంది. అంతకంటే పాపం లేదు. మా పొలాల దగ్గర మాత్రం మంచె లాంటి గుడిసెలో కూర్చుని వంద, నూట యాభై గజాల్లోనే కాలుస్తాం. మీ అల్లుడిదీ అలాగే అయితే 2000 గజాల దానికి అంత డబ్బు పోయొద్దని చెప్పండి. ఆ డబ్బు అద్దాలు బాగున్నదానికి పెట్టమనండి.

విడి లిథియం బ్యాటరీలు తెచ్చుకుంటే విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి.

గొలుసు మాస్టారు:

అందరికీ చాలా థాంక్స్. నిన్నా ఇవాళా చేసింది చెప్తాను.

గవర్నర్‌పేటాయనా, క్రాస్ హెయిర్ మాట చదవగానే నెత్తి మీద మొట్టికాయ పడ్డట్టయింది. ముప్ఫై నాలుగేళ్లు కుర్రాళ్లకి నేను నేర్పిన పాఠం అది. ముందు దారాలు చూసుకోరా, తర్వాత స్టాఫ్ చూడరా అని ఎన్నిసార్లు తిట్టానో. నా చేతికే వచ్చేసరికి వరస మర్చిపోయాను. మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు అంకెలూ, వెనక వీధి ట్యాంకు మీద పాచి మరకా రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తున్నాయి. కుడి రింగు మీద ల్యూకోప్లాస్ట్ ముక్క అంటించాను. మా ఆవిడ "దానికీ ఆపరేషన్ అయిందా" అని అడిగింది.

తెల్లవారుజామున గ్రౌండ్‌కి వెళ్లి, 30 మీటర్ల టేపు మూడు సార్లు వేసి 90 దగ్గర మేకు కొట్టాను. మనవడిని అక్కడ నిలబెట్టి పది సార్లు నొక్కాను. ఏడు సార్లు 90, రెండు సార్లు 91, ఒకసారి 89. సర్వీసులో టేపు ఎండకి మూడు మిల్లీమీటర్లు సాగిందని గింజుకున్నవాణ్ణి. ఇదేమో మీటరు అటో ఇటో అని దర్జాగా చెప్తుంది. అయినా నేను ఇక్కడ కూర్చుని నొక్కితే 150 మీటర్ల అవతలికి కాంతి వెళ్లి తిరిగొచ్చేది సెకనులో పది లక్షలో వంతులో. ఆ లెక్కన మీటరు తేడా క్షమించవచ్చు. మనవడు మాత్రం చొక్కా మీద ఎర్ర చుక్క పడుతుందేమోనని వెతుక్కున్నాడు. ఇది కంటికి కనిపించని కాంతి అంటే నిరాశపడ్డాడు.

సాయంత్రం సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ ఎక్కాను. అవతలి గట్టు కొలుద్దామని. 1.2 కిలోమీటర్లు, చదవలేదు. మధ్యలో ఆటో వస్తుంటే స్కాన్ దాన్నే పట్టుకుంది. 310, 284, 251, అలా దిగుతూ నా పక్క నుంచి వెళ్లిపోయేదాకా. కొంగల అక్క చెప్పిన మాట కళ్లారా చూసినట్టయింది. నువ్వు ఎటు చూస్తున్నావో దానికి అనవసరం అమ్మా, దేనికి తగిలితే అదే.

స్తంభం పరీక్ష అడ్డంగా పాసయింది, నిలువునా పాసయింది. తీగ పరీక్షలోనే చిన్న అనుమానం. కుడి గుండ్రంలో తీగ వెంట్రుకంత కిందకి ఉన్నట్టుంది. మనవడు సమానంగానే ఉందంటాడు. బుధవారం విజయవాడ వస్తున్నా. మీ షాపు పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?

గవర్నర్‌పేట రిపేరు:

పదిన్నరకి. బల్ల మీద పెట్టి చూద్దాం, వెంట్రుకంతే అయితే ముట్టుకోను, విప్పితే తేమ చేరకుండా లోపల నింపిన నైట్రోజన్ పోయి వానాకాలానికి ఫంగస్ పడుతుంది. ఆ ల్యూకోప్లాస్ట్ మాత్రం తీసేసి రండి, జిగురు రింగు సందులోకి పోతే దానికి మళ్లీ వేరే పని.